యాభై రెండులోంచి ఇరవై ఏడు తీసేస్తే

మా అమ్మాయి మూడో తరగతి. మల్కాజిగిరిలో రైలు పట్టాలకి దగ్గరగా ఉన్న చిన్న ప్రైవేటు స్కూలు. మూడంతస్తుల బిల్డింగు, కింద ఒక వేపచెట్టు, దాని చుట్టూ సిమెంటు అరుగు, ఆటస్థలం అంటే అదే. ప్రతి శనివారం సాయంత్రం క్లాసు వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ వస్తుంది. 'ఈ వారం మా తరగతిలో' అని పైన, కింద నాలుగైదు లైన్లు, ఆ కింద ఓ పదిహేను ఫొటోలు. వాటిలో మన పిల్ల ఎక్కడుందో వెతుక్కోవడం, దొరికితే జూమ్ చేసి అమ్మమ్మకి పంపడం, దొరక్కపోతే "మనదాన్ని మళ్ళీ వెనకే నిలబెట్టారు" అని గొణుక్కోవడం, మా ఇంట్లో శనివారం సాయంత్రాలు ఇలాగే గడుస్తాయి. మీ ఇంట్లో కూడా అంతే అయ్యుంటుంది, ఒప్పుకోండి.

ఆగస్టులో రెండు వారాలు వరసగా ఫొటోలు తక్కువొచ్చాయి. మా బావమరిది కూతురిది వేరే స్కూలు, అదే మూడో తరగతి, వాళ్ళకి వారానికి యాభై ఫొటోలు. ఒకరోజు కూరగాయల వేషాలు, ఒకరోజు మట్టిబొమ్మలు, ఒకరోజు పొయ్యి లేకుండా వంట. నాకు కడుపు మండింది. ఫీజు దాదాపు అంతే కడుతున్నాం కదా అని. టీచర్‌కి మెసేజ్ పెట్టాను, "మేడమ్, మన క్లాసులో యాక్టివిటీస్ కొంచెం తగ్గినట్టున్నాయి, పిల్లలు పుస్తకాలకే అతుక్కుపోతున్నారేమో చూడండి" అని. చాలా మర్యాదగా రాశాననే అనుకున్నా. రెండు రోజులు జవాబు లేదు. మూడో రోజు ఆవిడే ఫోన్ చేసి, "సార్, మీకు వీలైనప్పుడు ఒక వారం వచ్చి మా క్లాసులో కూర్చోండి, నాకూ చదివించడానికి ఒక మనిషి సాయం కావాలి" అన్నారు. అది వెటకారమో నిజంగానే పిలుపో నాకిప్పటికీ తెలీదు. మామూలుగా అయితే ఆఫీసు వంక చెప్పి తప్పించుకునేవాణ్ణే, కానీ సెప్టెంబరులో పాత కంపెనీలో నోటీసు అయిపోయి కొత్తదాంట్లో చేరడానికి మధ్య పన్నెండు రోజులు ఖాళీ దొరికింది. ప్రిన్సిపల్ కూడా సరేనన్నారు. అలా దసరా సెలవులకి ముందు వారం, సోమవారం పొద్దున్నే, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ఆఖరి బెంచీలో ఇరుక్కుని కూర్చున్నాను. మా అమ్మాయి ముందు రోజు రాత్రే షరతులు పెట్టింది: "నువ్వు నా పక్కన కూర్చోవద్దు, నన్ను చిట్టీ అని పిలవద్దు, నా టిఫిన్ తినద్దు."

వారం తర్వాత నాకు అర్థమైంది ముందే చెప్పేస్తాను, చివరిదాకా దాచిపెట్టే రకం కాదు నేను. ఆ శనివారం మెసేజ్ పిల్లల చదువుని తినేస్తోంది. దాన్ని అలా తయారు చేసింది స్కూలు కాదు, మనం.

సోమవారం పెద్దగా చెప్పుకోవాల్సిందేమీ జరగలేదు. పరిసరాల విజ్ఞానం పీరియడ్‌లో మూడు గ్లాసుల్లో తడి దూది పెట్టి ఒకదాంట్లో పెసలు, ఒకదాంట్లో మెంతులు, ఇంకోదాంట్లో ధనియాలు వేశారు. ఏది ముందు మొలకెత్తుతుందో చేతులెత్తమన్నారు. పెసలకి పంతొమ్మిది ఓట్లు, మెంతులకి పదకొండు, ధనియాలకి నాలుగు. ఆ నలుగురిలో మా అమ్మాయి ఒకర్తి. ఎందుకని మేడమ్ అడిగితే, "అవి తేలిగ్గా ఉన్నయి కదా మిస్, తొందరగా లేస్తయి" అంది. మేడమ్ నవ్వకుండా బోర్డు మీద అలాగే రాశారు.

మధ్యాహ్నం చదివించడం. ఒక్కొక్కరే టేబుల్ దగ్గరికొచ్చి ఐదు నిమిషాలు పైకి చదవాలి. నన్ను వెనక మూల కూర్చోబెట్టి ఐదుగురిని అప్పగించారు. ఒకడు ఇంగ్లీషు పాఠం ఎక్కడా ఆగకుండా గడగడా చదివేశాడు, నేను ముచ్చటపడి, ఏమైందిరా ఈ కథలో అనడిగాను. వాడు నా వైపు జాలిగా చూసి, "లెసన్ అయిపోయింది అంకుల్" అన్నాడు.

ఇక్కడ కొంచెం లెక్క చూడండి. 2009లో వచ్చి 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైన విద్యాహక్కు చట్టం ప్రకారం ఒకటి నుంచి ఐదు తరగతులకి ఏడాదికి కనీసం 200 పనిదినాలు, 800 బోధన గంటలు ఉండాలి. అంటే రోజుకి నాలుగు గంటలు, ఆరు రోజుల వారానికి 24 గంటలు. మా స్కూల్లో గంటలు ఇంకాస్త ఎక్కువే, కాకపోతే హిందీ, కంప్యూటరు, ఆటలు వేరేవాళ్ళవి కాబట్టి మేడమ్ చేతిలో ఉండేది అటూఇటూగా ఇంతే. క్లాసులో 34 మంది. చట్టం చెప్పే ముప్పై మందికో టీచరు లెక్కకి కాస్త పైనే, మన ఊళ్ళో ఇది చాలా నయం. 24 గంటల్ని 34 మందికి పంచితే ఒక్కో పిల్లకి వారానికి 42 నిమిషాలు. ఆవిడ బోర్డు వైపు తిరక్కుండా, హాజరు వేయకుండా, డైరీల్లో సంతకాలు పెట్టకుండా, "మిస్, వీడు నా పెన్సిల్ తీస్కున్నడు" అనే పంచాయితీలు తీర్చకుండా ఉంటే 42. నా అంచనాలో నిజంగా మిగిలేది పది నిమిషాలు కూడా కాదు. ఒక్కొక్కరితో ఐదు నిమిషాలు చదివించాలన్నా 170 నిమిషాలు, అంటే నాలుగు పీరియడ్లు పైనే. అందుకే ఆవిడకి మనిషి కావాల్సొచ్చింది. వెటకారం కాదేమో.

మంగళవారం గురించి మాత్రం తీరిగ్గా చెప్పాలి.

తీసివేతలు ఇచ్చారు, బోర్డు మీద ఆరు లెక్కలు. నాకు ఎర్ర పెన్ను ఇచ్చి వెనక రెండు వరసల నోట్‌బుక్కులు దిద్దమన్నారు. పెన్ను చేతికొస్తే మనం ఆగుతామా. కిటికీ పక్కన కూర్చునే ఒక పిల్లాడి పుస్తకంలో ఆరింటికి ఆరూ తప్పు, ఆరు ఇంటూలు పెట్టి, పక్కన 'సరిగా చేయి' అని కూడా రాశాను. వాడు చూసుకుని పుస్తకం మూసేశాడు. మేడమ్ అటుగా వచ్చి ఆ పేజీ చూసి, నన్నేమీ అనకుండా, వాడి పక్కన బెంచీ మీద కూర్చున్నారు.

వాడు రాసింది ఇదీ: 52లోంచి 27 తీసేస్తే 35. 41లోంచి 18 తీసేస్తే 37. 63లోంచి 29 తీసేస్తే 46. మిగతావీ ఇలాగే.

నాకు ఆరు తప్పులు కనిపించాయి. ఆవిడకి ఒక్కటే కనిపించింది. ఏడులోంచి రెండు తీసి ఐదు, ఐదులోంచి రెండు తీసి మూడు. ఎనిమిదిలోంచి ఒకటి తీసి ఏడు, నాలుగులోంచి ఒకటి తీసి మూడు. పైన ఉన్నా కింద ఉన్నా వాడు పెద్ద అంకెలోంచే చిన్న అంకె తీస్తున్నాడు, ఆరు లెక్కల్లోనూ ఒక్కసారి కూడా తడబడకుండా. లెక్కలు రాక కాదు, ఒక సూత్రం పట్టుకుని దాన్ని నాకంటే నిష్ఠగా పాటిస్తున్నాడు. "పెద్దదాంట్లోంచే చిన్నది తీయాలని ఎవరు చెప్పిండ్రు నాన్నా?" అనడిగారు. వాడు ఆలోచించి, "అందరూ చెప్పిండ్రు మిస్" అన్నాడు. నిజమే. ఒకటో తరగతిలో మనందరం చెప్పే మాటే అది. మా అమ్మాయికి నేనే చెప్పాను, వంటింట్లో, టమాటాలు చూపించి.

తర్వాత ఆవిడ టేబుల్ సొరుగులోంచి ఒక పాత స్వీటు డబ్బా తెచ్చారు. అందులో కాగితం మీద గీసిన పది రూపాయల నోట్లు, చింతగింజలు. గింజంటే రూపాయి. ఐదు నోట్లు, రెండు గింజలు వాడి ముందు పెట్టి, "నాది కిరాణా కొట్టు. ఇరవై ఏడు అయింది, ఇయ్యి" అన్నారు. వాడు రెండు నోట్లు ఇచ్చాడు. ఏడు గింజలు ఇవ్వాలి, ఉన్నవి రెండే. కాసేపు ఆవిడ మొహం, కాసేపు గింజలు చూసి, ఒక నోటు ముందుకి తోసి, "చిల్లర ఇయ్యి మిస్" అన్నాడు.

ఆ మాట విన్నప్పుడు నాకు ఒళ్ళు జలదరించిందంటే అతిగా ఉంటుందేమో గానీ, జలదరించింది. మనం చదువుకున్నప్పుడు 'అప్పు తీసుకో' అనేవాళ్ళు, ఇప్పుడు ఇంగ్లీషులో 'బారో' అంటున్నారు, రెండూ ఒకటే. తీసుకున్న అప్పు మళ్ళీ ఎప్పుడు తీర్చాలో ఎవరూ చెప్పరు, అందుకే అది పిల్లలకి మంత్రంలా ఉంటుంది. పైన కొట్టెయ్, ఒకటి తగ్గించు, పక్కన ఒకటి పెట్టు. చిల్లర అనేది మాత్రం రోజూ పాల ప్యాకెట్టుకి వెళ్ళే పిల్లాడికి తెలిసిన సంగతి. నోటు విడిపిస్తే డబ్బు తగ్గదు, పెరగదు, రూపం మారుతుంది. ఆవిడ పది గింజలు ఇచ్చారు, వాడు ఏడు లెక్కపెట్టి ఇచ్చాడు, చేతిలో రెండు నోట్లు, ఐదు గింజలు మిగిలాయి. ఇరవై ఐదు. పుస్తకంలో ముప్ఫై ఐదు. "పుస్తకంలో తప్పుంది మిస్" అని వాడే అన్నాడు, ఆ తప్పు ఇంకెవరో చేసినట్టు.

సినిమా అయితే ఇక్కడ పాట పెట్టేవాళ్ళు. జరిగింది వేరు. "సరే, ఇప్పుడు పుస్తకంలో మళ్ళీ చేయి" అన్నారు. వాడు పెన్సిల్ తీసి, శ్రద్ధగా, నాలుక బయటపెట్టి, 52 కింద 27 రాసి, గీత గీసి, కింద 35 వేశాడు.

చేతికి వచ్చింది, పెన్సిల్‌కి రాలేదు. ఆవిడేమీ ఆశ్చర్యపోలేదు. డబ్బా మూసి, "రేపు మళ్ళీ కొట్టు పెడదాం" అన్నారు. ఇరవై నిమిషాలు పట్టింది ఇదంతా. ఆ ఇరవై నిమిషాలూ మిగతా ముప్పై ముగ్గురిని నేను చూసుకున్నాను, చూసుకోవడమంటే వాళ్ళు నన్ను ఆడుకున్నారు. నేను లేకపోతే ఆవిడ వాడి పక్కన అంతసేపు కూర్చోగలిగేవారా? ఇక ఈ ఇరవై నిమిషాల్ని శనివారం మెసేజ్‌లో ఏమని రాస్తారు? 'ఈ వారం మా తరగతిలో ఒక బాబు 35 రాశాడు, మళ్ళీ 35 రాశాడు' అనా? ఫొటో తీస్తే ఏముంటుంది, ఒక వంగిన తల, నాలుగు చింతగింజలు.

అదే వారంలో గ్రూపులో ఒకరు హోంవర్క్ చాలట్లేదని రాశారు, పదకొండు మంది బొటనవేలు ఎత్తారు. 2020లో కేంద్రం తెచ్చిన స్కూల్ బ్యాగ్ పాలసీలో రెండో తరగతి వరకు హోంవర్కే వద్దని, మూడు నుంచి ఐదు వరకు వారానికి రెండు గంటలు మించొద్దని ఉంది. బ్యాగు బరువు పిల్లల బరువులో పదో వంతు దాటకూడదని కూడా. ఆ రాత్రి మా అమ్మాయి బ్యాగు తూచాను, నాలుగు కిలోలు పైనే, తనేమో ఇరవై నాలుగు కిలోలు. ఇంత బరువు ఎందుకని టైంటేబుల్ చూస్తే తప్పు స్కూలుది కాదు. నేను కొనిచ్చిన గైడు ఒకటి, ఎక్స్‌ట్రా వర్క్‌బుక్కులు రెండు అందులో ఉన్నాయి.

బుధవారం తెలుగు డిక్టేషన్. తెలంగాణలో 2018 చట్టంతో పదో తరగతి దాకా తెలుగు తప్పనిసరి అయింది గానీ, ఈ క్లాసులో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు సగం కంటే కొంచెం ఎక్కువ, అంతే. ఉర్దూ వాళ్ళున్నారు, ఒడియా, హిందీ వాళ్ళున్నారు. 'ఆవు గడ్డి తింటుంది' అని చెప్తే తొమ్మిది మంది 'ఆవు గడి తింటుంది' అని రాశారు, వాళ్ళలో ఏడుగురు తెలుగు ఇళ్ళ పిల్లలే. డకి డవత్తు పెట్టండర్రా అని పదిసార్లు చెప్పొచ్చు. మేడమ్ బోర్డు మీద లెక్కల పుస్తకంలో గడి ఒకటి గీసి, దాన్ని ఆవు నములుతున్నట్టు బొమ్మ వేశారు. క్లాసంతా పడీపడీ నవ్వింది. ఆ తర్వాత నేను చూసినంతలో ఎవరూ ఆవు చేత గడి తినిపించలేదు. పట్టింది రెండు నిమిషాలు. ముందు అనుకున్నది కాదు, ఆ తప్పు చూశాక పుట్టింది.

అదే రోజు మధ్యాహ్నం కిటికీలోంచి గూడ్సు బండి. బండి వస్తే పాఠం ఆపి పెట్టెలు లెక్కపెట్టడం ఈ క్లాసు ఆచారమట. ఒకళ్ళు 58 అన్నారు, ఒకళ్ళు 59. చివరి గార్డు పెట్టెని కలపాలా వద్దా అనేది గొడవ (కలపకపోతే 58, మామూలుగా ఆ బొగ్గు బండ్లకి అన్నే ఉంటాయి). ఉర్దూ ఇంటి పిల్ల ఒకమ్మాయి వేళ్ళ మీద లెక్కేస్తూ "అఠావన్, ఉన్‌సఠ్" అంది. మేడమ్ చెవి అక్కడ నిలబడింది. ఉన్‌సఠ్ అంటే ఏంటమ్మా అంటే ఆ పిల్ల, సాఠ్‌కి, అంటే అరవైకి, ఒకటి తక్కువ అంది. తెలుగులో ఇరవై దాటాక అంకెల పేర్లు ముక్కుసూటిగా ఉంటాయి, ఇరవై ఒకటి, ముప్ఫై తొమ్మిది, వింటే చాలు పదులెన్నో ఒకట్లెన్నో తెలిసిపోతుంది. హిందీ ఉర్దూల్లో ఒక్కొక్కటీ బట్టీ పట్టాల్సిందే, కానీ ఉన్తీస్, ఉన్‌తాలీస్, ఉన్‌సఠ్‌లలో ఈ 'ఒకటి తక్కువ' దాగి ఉంది. మేడమ్ వెంటనే, "అయితే 63లోంచి ఉన్తీస్ తీసెయ్" అన్నారు. ఆ పిల్ల పెన్సిల్ కూడా పట్టుకోకుండా, ముప్ఫై తీసేస్తే 33, ఒకటి ఎక్కువ తీశాం కదా, వెనక్కిస్తే 34 అని చెప్పేసింది. కిటికీ పక్క పిల్లాడు నోరు తెరుచుకుని విన్నాడు. వాడి 63, 29 లెక్కే అది. నేను ఇంటూ పెట్టిన లెక్క.

ఈ పిల్ల తెలుగు వెనకబడిందని వాళ్ళమ్మకి పోయిన నెల డైరీలో రాసి పంపారట. అదీ నిజమే.

గురువారం వాన. నీళ్ళ పాఠం. మూసీ గురించి చెప్తూ మేడమ్ పుస్తకం పక్కన పెట్టి 1908 సెప్టెంబరు 28 వరద చెప్పారు. ఊళ్ళో వేల ఇళ్ళు కొట్టుకుపోవడం, ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఇప్పటికీ ఉన్న చింతచెట్టు ఎక్కి 150 మంది ప్రాణాలు దక్కించుకోవడం, ఆ తర్వాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్యని పిలిపించడం, 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ రావడం. జలాశయాల దాకా ఎవరూ రాలేదు, అందరూ చెట్టు దగ్గరే ఆగిపోయారు. "150 మంది ఒక్క చెట్టు మీద ఎట్ల పడతరు మిస్?" అని ఒకడు. అబద్ధం అని ఇంకొకడు. మన క్లాసు ఎంతమందిమి, 34. ఇలాంటి క్లాసులెన్ని? బోర్డు మీద 34, 34 అని రాసుకుంటూ పోయారు, నాలుగు క్లాసులకి 136, ఇంకా 14 మంది. వాన తగ్గగానే అందర్నీ కిందికి తీసుకెళ్ళి వేపచెట్టు చుట్టూ నిలబెట్టారు. ఒక్క క్లాసుకే అరుగు చాలలేదు. ఒకడు బురదలో పడ్డాడు. మా అమ్మాయి చెట్టుని కౌగిలించుకుని పైకి చూస్తూ, "రాత్రి నిద్రొస్తే ఎట్ల మిస్? పడిపోరా?" అని అడిగింది. ఎవరూ జవాబు చెప్పలేదు. అందరూ పైకే చూస్తున్నారు.

ఇది యాక్టివిటీ కాదా? నేను ఆగస్టులో అడిగింది ఇదే కదా, పుస్తకాలకి అతుక్కోవద్దని. కానీ మేడమ్ ఫోన్ టేబుల్ మీదే ఉండిపోయింది, ఒక్క ఫొటో లేదు. పైగా ఆ బురద పిల్లాడి యూనిఫామ్ గురించి సాయంత్రం ఫోనొచ్చింది, పాఠాల టైములో పిల్లల్ని వానలో ఎందుకు తిప్పారని.

శుక్రవారం ఫొటోలొచ్చాయి. బతుకమ్మ. గుడిమల్కాపూర్ పూల మార్కెట్ నుంచి పొద్దున్నే బస్తాలు దిగాయి, తంగేడు, గునుగు, బంతి, చామంతి. తాంబాళంలో గుమ్మడాకులు పరిచి వరస తర్వాత వరస పేర్చుకుంటూ పోవడం ఎంత గొప్ప పనో చూడండి, చుట్టూ కొలత సమానంగా ఉండాలి, పైకి పోయేకొద్దీ తగ్గాలి, మధ్యలో డొల్ల కాకుండా నింపాలి. లెక్కలు, బొటనీ, ఓపిక, అన్నీ అందులోనే ఉన్నాయి. పిల్లల చేతికిస్తే వంకరగా వస్తుంది, రెండు సార్లు కూలుతుంది. అందుకని పిల్లల చేతికివ్వలేదు. పదకొండుకల్లా ఫొటోలు కావాలి కాబట్టి టీచర్లే నలుగురు కూర్చుని పేర్చారు. పిల్లలు కొత్తబట్టల్లో గంటన్నర వరసల్లో నిలబడ్డారు, ముందు పొట్టివాళ్ళు, వెనక పొడుగువాళ్ళు, నవ్వండి, మళ్ళీ నవ్వండి. ఒక పిల్ల గునుగు పువ్వు పట్టుకుని, ఇది గులాబీ రంగులో ఎందుకుంది, మా ఊళ్ళో తెల్లగుంటది అని అడిగింది. ఎంత మంచి ప్రశ్న. రంగు అద్దుతారు, ఎలా అద్దుతారో చూపిస్తే ఒక పీరియడ్ నడుస్తుంది. "తర్వాత చెప్తాను, ఇటు చూడు" అన్నారు మా మేడమే, నిన్న వేపచెట్టు కిందికి తీసుకెళ్ళిన మేడమే. ఆవిణ్ణి నేను తప్పు పట్టలేను, ప్రిన్సిపల్ ఫోన్ పట్టుకుని నిలబడి ఉన్నారు, ప్రిన్సిపల్‌కి నాలాంటివాళ్ళ మెసేజ్‌లు వస్తున్నాయి.

ఆ రోజు లెక్కల పీరియడ్ పోయింది, చదివించే పీరియడ్ పోయింది. కిరాణా కొట్టు తెరవలేదు. పండగ వద్దనట్లేదు నేను, బతుకమ్మ బడిలో ఆడకపోతే ఇంకెక్కడ ఆడతారు, ఈ అపార్టుమెంట్ల పిల్లలకి తంగేడు మన రాష్ట్ర పుష్పమని పుస్తకంలో తెలుసు గానీ పువ్వుని చూస్తే గుర్తుపట్టలేరు. పిల్లలు పేర్చిన వంకర బతుకమ్మ అయితే గంటన్నర కాదు, రోజంతా ఇచ్చేయొచ్చు. తయారైన బతుకమ్మ పక్కన పిల్లల్ని అలంకారంగా నిలబెట్టడమే నా బాధ.

మూడో తరగతి దగ్గర ఎందుకింత పట్టుబడుతున్నానంటే, నాలుగు నుంచి పుస్తకాలు, మీకు చదవడం వచ్చు అనుకునే మాట్లాడతాయి. అక్కడిదాకా చదవడం నేర్చుకోవడం, అక్కణ్ణుంచి చదివి నేర్చుకోవడం. అందుకే 2021 జూలైలో మొదలైన కేంద్రం కార్యక్రమం నిపుణ్ భారత్ కూడా మూడో తరగతి ముగిసేలోపు ప్రతి పిల్లకీ అర్థం చేసుకుంటూ చదవడం, మామూలు లెక్కలు రావాలని గీత గీసింది, 2026-27 నాటికల్లా. మన సర్కారు బడుల్లో 2022లో తొలిమెట్టు అనే కార్యక్రమం మొదలుపెట్టారు, అదీ ఇందుకే. ప్రైవేటు స్కూళ్ళలో పిల్లల్ని వేసిన మనం మాత్రం ఇది మనకి సంబంధం లేని గొడవ అనుకుంటాం, మన పిల్లలు ఇంగ్లీషు గడగడా చదివేస్తారు కదా. "లెసన్ అయిపోయింది అంకుల్."

మీరు అనొచ్చు, ఫొటోలు లేకపోతే లోపల ఏం జరుగుతోందో మాకెలా తెలియాలి, ఫీజు కడుతున్నాం కదా. ఈ ప్రశ్నకి నా దగ్గర పూర్తి జవాబు లేదు. భయం న్యాయమైనదే, ఏమీ చెప్పని స్కూళ్ళు, కొట్టే స్కూళ్ళు ఇదే ఊళ్ళో ఉన్నాయి. కాకపోతే ఫొటో మనకి చెప్పేది ఆ రోజు అక్కడ ఏయే సామాను ఉందన్న సంగతి ఒక్కటే. మన పిల్ల నోట్‌బుక్కులో ఒక తప్పు పేజీ చూస్తే అంతకంటే ఎక్కువ తెలుస్తుంది. ఆ తప్పు ఎలా వచ్చిందో టీచర్‌ని అడిగితే ఇంకా తెలుస్తుంది. నేను ఈ మూడేళ్ళలో పేరెంట్స్ మీటింగుల్లో మార్కులు అడిగాను, ర్యాంకు అడిగాను, యాన్యువల్ డే డాన్సులో ముందు వరస అడిగాను. తప్పు గురించి ఒక్కసారీ అడగలేదు.

శనివారం సగం పూట. మొలకల గ్లాసులు చూశారు. పెసలు బుధవారానికే తోకలు బయటపెట్టాయి, మెంతులు గురువారానికి. ధనియాల గ్లాసులో ఏమీ లేదు. ధనియాలకి వారం పది రోజులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది, పైగా ఒక్కో ధనియంలో రెండు గింజలుంటాయి, అందుకే కుండీల్లో వేసేవాళ్ళు కాస్త నలిపి వేస్తారు. ఆవిడకి ఇది తెలుసు, కావాలనే నలపకుండా వేశారని నా అనుమానం. "చచ్చిపోయినయి మిస్" అన్నారు పిల్లలు. ఆవిడ అవునూ అనలేదు, కాదూ అనలేదు, సెలవుల్లో ఎవరు నీళ్ళు పోస్తారని మాత్రం అడిగారు. ఓటేసిన పాపానికి అది మా ఇంటికొచ్చింది.

కిటికీ పక్క పిల్లాడు ఆ పొద్దున 52, 27 లెక్క చేశాడు. ఐదుని కొట్టేసి నాలుగు వేసి, రెండు పక్కన బుల్లి ఒకటి పెట్టి, 25. నాకు చూపించడానికి ప్రత్యేకంగా వెనక బెంచీ దాకా వచ్చాడు, నేను ఈసారి పచ్చ పెన్నుతో రైటు కొట్టాను. మేడమ్ అంతటితో వదల్లేదు, వెంటనే 402లోంచి 178 ఇచ్చారు. వాడు ఒకట్ల దగ్గర ఆగి, చిల్లర కోసం పదుల వైపు చూసి, అక్కడ సున్నా చూసి, పెన్సిల్ కింద పెట్టేశాడు. "పదుల్ల ఏం లేదు మిస్. దుకాణం బంద్." ఆవిడ నవ్వి, "దసరా అయినంక తెరుద్దాం" అన్నారు. సెలవుల్లో 52, 27 కూడా మర్చిపోతాడు సార్, మళ్ళీ గింజలతోనే మొదలుపెట్టాలి, అని నాతో వేరుగా అన్నారు, చాలా మామూలుగా, వర్షం పడొచ్చు అన్నట్టు.

సాయంత్రం ఆరున్నరకి మెసేజ్ వచ్చింది. 'ఈ వారం మా తరగతిలో: బతుకమ్మ సంబరాలు, విత్తనాల మొలకలు, నీటి ప్రాముఖ్యత, తీసివేతలు.' ఇరవై రెండు ఫొటోలు, పద్దెనిమిది బతుకమ్మవి, నాలుగు పెసలవి. ఆ పిల్లాడు ఒక్క ఫొటోలో ఉన్నాడు, వెనక వరస, సగం మొహం. ధనియాలు లేవు. కింద గుండెలు, చప్పట్లు, "సూపర్ మేడమ్", "హ్యాట్సాఫ్ టు టీచర్స్".

మా ఆవిడ వద్దంటున్నా వినకుండా నేను గ్రూపులో రాశాను. ఫొటోలు నెలకోసారి చాలని, ఆ టైములో పిల్లల్ని చదివించమని, వీలైన పేరెంట్స్ వారానికి ఒక గంట వంతులేసుకుని వెళ్ళి చదివింపు వినొచ్చని, నేను కొత్త ఉద్యోగంలో చేరినా శనివారం పొద్దున వస్తానని. ముగ్గురు సరేనన్నారు. ఒకరు, ఫొటోలు తగ్గిస్తే ఫీజు తగ్గిస్తారా అని అడిగారు. ఒకరు, ముందు ఆ పిల్లల్ని వానలో తిప్పిన సంగతి తేల్చండి అన్నారు, దాని మీద గొడవ మొదలై ఇరవై మెసేజ్‌లు అయ్యాయి. రాత్రి తొమ్మిదింటికి గ్రూపు సెట్టింగ్ మార్చేశారు, ఇక అడ్మిన్లు మాత్రమే రాయగలరు. అందుకని ఇక్కడ రాస్తున్నాను.